బొమ్మకారులును దిగుమతి సుంకమును

మోటారుకారును ఇరువదినాల్గవ వంతునకు కుదించి, నూరు నూటయేబది ముక్కలుగా విడదీసి, అట్టపెట్టెలో పెట్టి అమ్ముట లోకమున ఒక గట్టి వ్యాపారము. కొన్నవాడు ఆ ముక్కలను ప్లాస్టికు చట్రమునుండి కత్తిరించి, అంచులు అరగదీసి, అంటించి, రంగువేసి, బల్లమీద నిలుపుకొనును. దీనినే కిట్టు అందురు. పేరుపొందిన జపాను కిట్టు ఒకటి మన పట్టణములలోని అంగడిలో నాలుగైదువేల రూపాయలు పలుకుచున్నది. పెట్టెను చేతితో తూచిచూచిన తండ్రి, లోపల పావుకిలో ప్లాస్టికైనను లేదే, ఇంత వెల యేల యని అడుగును. సుంకమని వర్తకుడు చెప్పును. కంపెనీవారి దురాశయని కుఱ్ఱవాడు చెప్పును. ఇద్దరి మాటలోను కొంత నిజము కలదు గాని, అసలు కారణము వేరొకటి.

దినపత్రికలో బొమ్మకారుల ప్రసంగమేల యని కొందరు పాఠకులు ఆక్షేపింపవచ్చును. మన ప్రభుత్వమువారు బొమ్మలమీది దిగుమతి సుంకమును 2020లో నూటికి 20 నుండి 60కిని, 2023లో 70కిని పెంచిరి. స్వదేశ పరిశ్రమను పోషించుటయే ఇందలి యుద్దేశము. ఆ యుద్దేశముతో మాకు పేచీ లేదు. కాని ఒక వస్తువు వెల దేనితో కూడియున్నదో విచారింపక దానిపై వేసిన పన్ను, పరిశ్రమను పెంచునో, కొనువానిని మాత్రమే తరుమునో చెప్పజాలము. బొమ్మలకన్నిటికిని ఒకే మందు పోసిరి. అందులో కిట్టు అను రోగి లక్షణములు వేరు.

పెట్టెలోని పాలిస్టైరీను విలువ అత్యల్పము. అట్టపెట్టె, దానిమీది వర్ణచిత్రము, కూర్పు సూచనల కాగితము, నీటితో అంటించు ముద్రల పత్రము, పోతయంత్రపు కూలి, ఇవియన్నియు కలిసినను ఆ వెలకు సమాధానము కాజాలవు. అసలు ఖర్చు కొనువాని కంటబడదు. అది కార్ఖానాలో నూనెపూసి దాచిన ఉక్కు అచ్చులయందున్నది. కిట్టు చేయదలచినవారు మొదట అసలు కారును వెదకి కొలతలు తీయుదురు. వందలకొలది ఛాయాచిత్రములు తీయుదురు. పూర్వము నిపుణులైన పనివారు కిట్టుకంటె పెద్దకొలతతో చెక్కమాతృకలు చెక్కగా, వానినిబట్టి పాంటోగ్రాఫు అను యంత్రము ఉక్కులో చిన్నదిగా తొలిచెడిది. నేడు కంప్యూటరుపై గీసిన చిత్రమును అనుసరించి యంత్రములు కోయుచున్నవి. సన్నని గాడులను విద్యుత్తు రవ్వలతో తొలుచుచున్నారు. పనితీరు మారినది గాని ఖర్చు మాయము కాలేదు. కారు పైతొడుగు ఒక్కముక్కగా రావలెనన్న, అచ్చు రెండు పలకలుగా తెరచుకొన్న చాలదు. ప్రక్కలనుండి జరుగు పలకలుకూడ కావలెను. గాజులకు ఒక అచ్చు, టైర్లకు వేరొక అచ్చు, వెండిపూత పూయవలసిన బంపరులకును దీపపు గిన్నెలకును వేరొక చట్రము. మూత ఎత్తిన ఇంజను కనబడవలెనన్న మరికొన్ని.

కొలత తగ్గించుట యనగా అన్నిటిని ఇరువదినాలుగుతో భాగించుట మాత్రము కాదు. ఒక మిల్లీమీటరు మందముగల ప్లాస్టికు, అసలు కారు లెక్కలో 24 మిల్లీమీటర్ల రేకగును. అంత మందపు రేకుతో ఏ కారును లేదు. తలుపు అంచును, కిటికీ చట్రమును, అద్దపుకాడను కంటికి సన్నముగా తోచునట్లు చేయుట చేయితిరిగిన అచ్చుపనివాని నేర్పు. ఆ నేర్పునకే కొనువారు సొమ్మిచ్చుచున్నారు, ప్లాస్టికునకు కాదు.

మా పాఠకులలో భూవసతి గలవారికి ఈ లెక్క క్రొత్తది కాదు. బావి త్రవ్వించుటకు అయిన సొమ్ము, ఒక యెకరము తడిపినను పది యెకరములు తడిపినను ఒక్కటే. నీరు తోడుటకు అగు కూలి మాత్రము తోడినకొలది పెరుగును. కిట్టునందు అచ్చు బావి, ప్లాస్టికు తోడుడుకూలి. అచ్చులకు ఒక కోటి రూపాయలు అయినవని లెక్కకొఱకు అనుకొందము. ఐదువేల పెట్టెలే అమ్ముడుపోయిన, ఒక్కొక్క పెట్టెపై 2,000 రూపాయల అచ్చుభారము పడును. ఏబదివేలు పోయిన 200 రూపాయలు. రెండులక్షలు పోయిన 50 రూపాయలు. మూడింటియందును ప్లాస్టికు, అట్ట, కూలి ఇంచుమించు సమానమే. ఇక టోకువర్తకుడును చిల్లరవర్తకుడును తమ లాభమును శాతముచొప్పున కట్టుకొందురు గాన, కార్ఖానాలో 2,000గా పుట్టిన భారము అంగడికి చేరునప్పటికి దాదాపు రెట్టింపగును. కాబట్టి కిట్టు వెల యడుగువాడు నిజముగా అడుగవలసిన ప్రశ్న యేమన, నాతోకూడ దీనిని కొనువారెందరు, అనునదియే.

అందలి చిక్కు మరియొకటి. బావికి నీరు పడునో పడదో త్రవ్వకముందు తెలియనట్లే, ఎన్ని పెట్టెలు పోవునో అచ్చు కోయకముందు తెలియదు. వెలనేమో ముందే నిర్ణయింపవలెను. అందుచేతనే లోకమందలి కిట్టు కంపెనీలు కొత్తకారుల జోలికి జంకుచు, పోర్షె, ఫెరారీ, మస్టాంగులనే మరలమరల చేయుచుండును. వారికి ఊహాశక్తి లేక కాదు.

ఈ వ్యాపారము పుట్టినతీరును చూచిన లెక్క మరింత తేటపడును. ఆంగ్లదేశమున ఎయిర్‌ఫిక్సు కంపెనీ 1949లో ఫెర్గూసన్ ట్రాక్టరు నమూనాను చేసినది పిల్లలకొఱకు కాదు. ఆ ట్రాక్టరును అమ్మబోవు ప్రతినిధులు చేతపట్టుకొని చూపుటకై కంపెనీవారు చేయించుకొనిరి. ఆ అచ్చు చేతిలో నుండగా దానినే పిదప విడిముక్కలుగా అంగడిలో అమ్మిరి. అటుపిమ్మట 1952లో గోల్డెన్ హైండ్ అను ఓడ కిట్టును ఊల్‌వర్త్ అంగళ్లకై చేసినపుడు, రెండు షిల్లింగుల వెలకు తేవలెనను నిర్బంధముచే పెట్టెను మాని ప్లాస్టికు సంచిలో వేసి, పైన కాగితపుతల కుట్టి అమ్మిరి. వెల ముందు, వస్తువు తరువాత. కొనువారు లక్షలకొలది యుండిన వెలను ఇట్లు ఆజ్ఞాపింపవచ్చును.

అమెరికాలో కారు కిట్టులకు మూలము డెట్రాయిటు కారు కంపెనీల పద్ధతియే. 1948లో మిచిగను రాష్ట్రమున ఏర్పడిన ఏ.ఎమ్.టి. కంపెనీ, కారు వర్తకులకు ప్రచారపు బొమ్మలు చేసియిచ్చెడిది. ఏటేట కారు రూపు మారెడిది. క్రొత్త రూపును క్రొత్త రంగులను చూపుటకును, కొనవచ్చినవాని బిడ్డ చేతిలో పెట్టుటకును వర్తకులు ఈ బొమ్మలను విరివిగా కొనెడివారు. అచ్చు ఖర్చులో పెద్దభాగము అందుననే తీరిపోయెడిది. 1958లో ఏ.ఎమ్.టి. వారు ఆ అచ్చులనే ఆధారము చేసికొని, ఒకే పెట్టెనుండి మూడు తీరుల కారును కూర్చుకొనగల కిట్టులను రెండు డాలర్లకు లోబడిన వెలకు అమ్మదొడగిరి. అనగా ఆ కిట్టుల బావిని కారు కంపెనీలును వర్తకులును త్రవ్వించిరి; కుఱ్ఱవాండ్రు నీటికూలి మాత్రమే ఇచ్చిరి. ఆ చవుక ఎవరి ఔదార్యమును కాదు.

ఆ పద్ధతికి మరియొక ముఖము కలదు. ఈ యేటి అచ్చునే కొంత చెక్కి, కొంత పూడ్చి, వచ్చు ఏటి కారునకు మార్చెడివారు. అందుచే 1960ల నాటి యెన్నో కారుల అచ్చులు ఉక్కులో ఉండియు లేనట్లే. నేడు వానిని మరల అమ్మదలచినవారు, నాటి కిట్టును ఒకదానిని సంపాదించి, దానిని కొలిచి, అచ్చును మొదటినుండి కోయించవలసి వచ్చుచున్నది. తాతగారు పొలము అమ్మి పెండ్లి చేయగా మనుమడు అదే పొలమును మరల కొనినట్లున్నది.

1960 నాటి ఒకటిన్నర డాలరు నేటి లెక్కలో సుమారు 16 డాలర్లు. నేడు అదే కొలతగల అమెరికా కిట్టు 30 డాలర్ల చుట్టుప్రక్కల అమ్ముడుపోవుచున్నది. చిన్ననాడు కొన్నవారు, నేడు తలనెరసినవారు, ఇది దోపిడియని గోలపెట్టుచున్నారు. నాడు ఆ కిట్టు కొన్న కుఱ్ఱవాండ్ర తరము పెద్దదయ్యెను, తరువాతి తరము ఆటలు తెరలమీదికి ఎక్కెను, కొనువారు తగ్గిరి. అచ్చుభారము మిగిలినవారిమీద పడెను. దీనికి తోడు, నాడు తన కారు బొమ్మ చేయుడని సొమ్మిచ్చిన కారు కంపెనీ, నేడు తన కారు బొమ్మ చేసినందులకు అనుమతిరుసుము అడుగుచున్నది. కారు పేరునకు రుసుము, కొన్ని యెడల టైరుమీది అక్షరములకును రుసుము. ఈ రెండు మార్పులను కలిపిచూచినవారికి, వెల రెట్టింపగుటకంటె రెట్టింపుతో ఆగుటయే వింతగా తోచును.

కొనువారు తగ్గినప్పుడు కంపెనీ కూలినను అచ్చు కూలదు. ఏ.ఎమ్.టి. 1978లో ఆంగ్లేయుల లెస్నీ కంపెనీ చేతికిని, 1980ల మొదట ఎర్టల్ చేతికిని పోయి, 2012 నాటికి ఇండియానా రాష్ట్రమందలి రౌండ్ టూ అను కంపెనీకి చేరెను. రెవెల్, మోనోగ్రాము అను పోటీదారులు 1986లో ఒక్కటైరి. వారిని కొన్న హాబికో 2018 జనవరిలో దివాలాకోర్టుకు ఎక్కగా, ఆ యేటనే జర్మనీ పెట్టుబడిదారులు రెవెల్‌ను కొనిరి. 2006లో ఎయిర్‌ఫిక్సు యజమానులైన హంబ్రోల్ దివాలా తీయగా, హార్న్‌బీ కంపెనీ 26 లక్షల పౌనులకు ఎయిర్‌ఫిక్సు, హంబ్రోల్ రెంటిని కొనెను. ఆ కొనుగోళ్లలో భవనములకును యంత్రములకును విలువ స్వల్పము. కొన్నది పేరును, అచ్చులను. పాత అచ్చునకు తొలి ఖర్చు ఎన్నడో తీరియుండును గాన, దానినుండి మరల పోసిన పెట్టెలు కంపెనీకి మిగులునిచ్చి, ఆ మిగులుతో అప్పుడప్పుడు ఒక క్రొత్త అచ్చును కోయించుచున్నారు. పెద్దల బావినీటితో క్రొత్తబావి త్రవ్వుట యన్నమాట. పాత బావులు లేని దేశమున ఈ వ్యాపారమును ప్రారంభించువానికి ఆ సౌకర్యమును లేదు.

అట్టి సౌకర్యము లేకయే ప్రారంభించి గెలిచినవారు జపానీయులు. కావున వారి మార్గమును మనము శ్రద్ధగా పరిశీలింపవలెను. షిజుఓకా పట్టణము దేవాలయములు కట్టుటకై వచ్చి స్థిరపడిన చెక్కపనివారి ఊరు. అక్కడ తమియా యోషియో 1946లో కలపకోత వ్యాపారము పెట్టి, కొద్దికాలమునకే చెక్క నమూనాలు చేర్చి, 1953లో కలపను విడిచి నమూనాలనే నమ్ముకొనెను. విదేశపు ప్లాస్టికు కిట్టులు వచ్చి చెక్కకు గిరాకి తగ్గగా, 1960లో యమాతో యుద్ధనౌకతో తానును ప్లాస్టికులో దిగెను. దాని వెల 500 యెన్లుగా తలపెట్టిరి. అదే సమయమున నిచిమో అను పోటీ కంపెనీ అదే నౌకను 350 యెన్లకు విడుదల చేసెను. తమియావారును 350కి దింపక తప్పలేదు, అచ్చు ఖర్చు రాలేదు, కంపెనీ మునుగనుండెను. పిదప ఒక బొమ్మల కంపెనీ వాడి విడిచిన అచ్చులను తెచ్చి, చిన్న పందెపుకారులను చవుకగా చేసి అమ్మిరి. అవి విరివిగా పోవుటచే నిలదొక్కుకొనిరి.

ఆ దెబ్బనుండి వారు నేర్చినది మాకు ముఖ్యముగా తోచుచున్నది. అచ్చు కోయువారు వేరు, కిట్టు అమ్మువారు వేరుగా నున్నంతకాలము, అమ్మువాడు కోయువాని దయమీద బ్రదుకవలెను. అతడు చెప్పిన వెల, అతడు చెప్పిన గడువు. తమియా కొద్ది సంవత్సరములలోనే తన పనివారికి ఆ విద్య నేర్పించి సొంత అచ్చుల శాఖను నెలకొల్పెను. 1967లో హోండా పందెపుకారును పండ్రెండవ వంతు కొలతతో చేసినప్పుడు లోకము ఆ శాఖ నైపుణ్యమును గుర్తించెను. 1976లో పోర్షె 934 కారును అదే కొలతతో చేయదలచి, యోషియో కుమారుడు షున్సాకు పోర్షె కారు నొకదానిని కొని, దానిని విప్పించి చూచెను. తిరిగి బిగించుటకు పోర్షె పనివారిని పిలువవలసి వచ్చెనట. ఇంత శ్రమకును అచ్చునకును అయిన ఖర్చు బల్లమీద పెట్టుకొను కిట్టులతో మాత్రమే రాదని గ్రహించి, అదే పైతొడుగుతో రేడియోచే నడచు కారును 9,800 యెన్లకు విడుదల చేసిరి. అది మొదటి యేటనే లక్షకు పైబడి అమ్ముడుపోయెను. నష్టము తప్పించుకొనుటకు చేసినది కంపెనీకి క్రొత్త వ్యాపారమైపోయెను. 2025 జూలైలో తొంబదవ యేట షున్సాకు మరణించునాటికి, జపాను ప్లాస్టికు నమూనాలలో నూటికి 80 పాళ్లకు పైగా షిజుఓకా ప్రాంతమునుండియే వెలువడుచుండెను.

షిజుఓకాను పెంచిన శక్తులు రెండు. ఊరిలోనే అచ్చుకోయు విద్య యుండుట ఒకటి. ఇంటిదగ్గరనే లక్షలమంది బాలురు కొనువారై యుండుట రెండు. విదేశపు కిట్టులు జపాను అంగళ్లకు వచ్చుచుండుటచేతనే ఆ బాలురకు ప్లాస్టికు కిట్టుల రుచి పట్టెననుటయు మరువరాదు.

మన దేశమున ఈ రెండింటిలో ఏది కొరవడినదో విచారింతము. 1960ల చివర లివర్‌పూలులోని మెకానో కంపెనీ తన డింకీ బొమ్మకారుల పాత అచ్చులను కొన్నిటిని కలకత్తాకు అమ్మెను. అవి కిట్టులు కావు, లోహపుపోత బొమ్మలు. అయినను లెక్క ఒకటే. వాని యడుగున డింకీ పేరును గీకివేసి నిక్కీ అను పేరుతో అమ్మిరి. అరిగిన అచ్చులనుండి అరిగిన బొమ్మలు వచ్చెను. మనము అచ్చులను కొంటిమి. అచ్చు కోయు వాడుకను కొనలేదు. మరల 2010 తరువాతి యేండ్లలో హార్న్‌బీవారు ఎయిర్‌ఫిక్సు కిట్టులలో పెక్కింటిని మన దేశముననే పోయించిరి. ఆంగ్లదేశపు పిల్లలు విప్పిన పెట్టెలమీద భారతదేశమున చేయబడినదను ముద్ర యుండెను. కాబట్టి మన పనివారికి ప్లాస్టికు పోత చేతగాదనువారు ఆ పెట్టెలను చూడవలెను. పోసినది మన చేయి, అచ్చు పరులది, పేరు పరులది, కొనువారును పరులే. మనకు మిగిలినది తోడుడుకూలి.

ఇక సుంకము మాటకు వత్తము. 2020 తరువాత బొమ్మల దిగుమతి తగ్గినదనుట నిజము. సర్కారు లెక్కలప్రకారము 2014-15లో 33 కోట్ల డాలర్లుగా నున్న దిగుమతి 2022-23 నాటికి 16 కోట్ల డాలర్లకు దిగెను. ఎగుమతి తొమ్మిదిన్నర కోట్లనుండి ముప్పదిరెండున్నర కోట్లకు ఎక్కెను. 2021 జనవరి 1 నుండి పదునాలుగేండ్ల లోపు పిల్లల ఆటవస్తువులకు భారత ప్రమాణముద్ర తప్పనిసరి చేయుటయు ఇందుకు తోడ్పడెను. చవుకబారు చీనా బొమ్మలు మన పిల్లల నోటబడకుండుట మంచిదే. తోయుబండ్లు, గిలకలు, రబ్బరుబొమ్మలు మొదలగువానిని మనవారు చేయగలరు, చేయుచున్నారు, కొనువారు కోట్లకొలది కలరు. అట్టి వస్తువులకు సుంకపుగోడ నీడనిచ్చినది. మేము దానిని తక్కువ చేయము.

అయితే సుంకముల పట్టికలో 9503 అను ఒకే పద్దుక్రింద మూడుచక్రముల బండి, పిల్లల బొమ్మ, పజిలు, కొలతకు తగ్గించిన నమూనా, అన్నియు కలిసియున్నవి. గోడకు ఇవతల ఎవ్వరును చేయుచున్న వస్తువు లేనప్పుడు ఆ గోడ ఎవరికి నీడ? రేవులో 1,000 రూపాయలకు దిగిన కిట్టు, 70 శాతపు సుంకము చేర్చినంతనే 1,700 అగును. దానిపై వస్తుసేవల పన్ను, వర్తకుల లాభములు. 2025 సెప్టెంబరులో బొమ్మలమీది వస్తుసేవల పన్నును 12 నుండి 5 శాతమునకు తగ్గించుట కొంత ఉపశమనమే. కాని డెబ్బదిని మోయువానికి ఏడు తగ్గించిన తేలికపడునది ఎంత? నూటికి పదిమంది కొనగలిగినచోట ఇద్దరు కొనుచున్నారు. అంగడివాడు ఒక్కొక్క రకము రెండుమూడు పెట్టెలే తెప్పించును. అమెరికానుండి వచ్చు మేనమామయో అన్నగారో తన సామానులో రెండు పెట్టెలు తెచ్చియిచ్చును. వానిపై సర్కారుకు సుంకమును లేదు, అంగడివానికి లాభమును లేదు.

నష్టము ఇంతటితో ముగియదు. రేపు మనవాడెవడైన ఒక కిట్టు చేయదలచెననుకొందము. 2014లో తయారు నిలిచిపోయిన అంబాసిడరు కారుకంటె తగినది వేరొకటి లేదు. దానిలో ప్రయాణము చేయని ఇల్లు మన దేశమున అరుదు. ఆ కిట్టును ఎవరు కొనవలెను? కత్తిరించుట, అంటించుట, రంగువేయుట మరగినవారు కొనవలెను. ఆ మరగుటయే ఈనాటి దిగుమతి కిట్టులతో కలుగవలసియున్నది. 70 శాతపు సుంకము కిట్టు రాకను మాత్రమే గాక, రాబోవు స్వదేశపు కిట్టునకు కావలసిన ఏబదివేల కొనుగోలుదారుల పుట్టుకను ఆపుచున్నది. పంటకు ఎరువు వేయక గట్టుమాత్రము ఎత్తు చేసినట్లయినది.

ఇట్టి గోడ ఇతరులకును ఫలింపలేదు. 2025 ఏప్రిలులో అమెరికా ప్రభుత్వము చీనా సరకుపై సుంకమును 145 శాతమువరకు ఎక్కించి, మే నెలలో 30 శాతమునకు దింపెను. ఏ.ఎమ్.టి. కిట్టుల పేరు అమెరికాది, అచ్చుల యాజమాన్యము అమెరికాది, పోత మాత్రము చీనాలో. ఆ కొద్దివారములలో అమెరికా కంపెనీలు తమ సొంత అచ్చులనుండి పోసిన పెట్టెలకే తమ ప్రభుత్వమునకు సుంకము చెల్లించుకొనవలసిన స్థితి యేర్పడెను. కార్ఖానాలు ఆ యుత్తరువు చూచి మిచిగనుకు నడచిరాలేదు. అచ్చుపనివారి తరమొకటి గడచిపోయిన ఊరికి పని తిరిగివచ్చుట గజెట్టులో ప్రకటించినంత సులభము కాదు.

మనకు ఆ తరము గడచిపోలేదు, ఇప్పుడే ఎదుగుచున్నది. అచ్చులు, పనిముట్లు రూపొందించు విద్యను నేర్పుటకై 1968లో భారత ప్రభుత్వము ఐక్యరాజ్యసమితి సాయముతో హైదరాబాదు బాలానగరమున సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ అను సంస్థను స్థాపించెను. విజయవాడయందును దాని శాఖ కలదు. అందు చదివినవారు మందుసీసాల మూతలకును, మోటారుదీపముల తొడుగులకును, విద్యుత్తు మీటలకును అచ్చులు కోయుచున్నారు. కారు కిట్టు అచ్చునకు కావలసిన నేర్పు అంతకంటె సూక్ష్మమైనది. అందుచేతనే అది విద్యార్థికి తగిన పరీక్ష. వెంట్రుకంత గాడిని తప్పులేక కోయగలవాడు రేపు ఏ యంత్రభాగపు అచ్చునైనను కోయగలడు. చీనావారు పాతికముప్పది యేండ్లు పరుల కిట్టులకు కూలికి అచ్చులు కోసి, నేడు తమ పేర్లతోనే కిట్టులు చేసి జపానువారికి పోటీ నిలచుట ఇట్లే జరిగెను.

అచ్చు ఖర్చును మోయలేని చిన్నవారికి ఇతర మార్గములును కలవు. సిలికోను రబ్బరు అచ్చులో రెజిను పోసినచో పెట్టుబడి వేలలోనే తేలును. అయితే ఆ రబ్బరు కొన్ని పదుల పోతలకే చిరిగిపోవును. ఒక్కొక్క ముక్కకు చేతికూలి ఎక్కువ. కంప్యూటరు చిత్రమునుండి పొరలుపొరలుగా ముక్కను కట్టు ముద్రణయంత్రమునకు అచ్చే అక్కరలేదు. కాని మొదటి ముక్కకును వేయవ ముక్కకును ఖర్చు ఒక్కటే గాన, విరివి పెరిగినను వెల దిగదు. ఇవి ఇన్నూరు పెట్టెల వ్యాపారమునకు తగును. పొనికికర్రను చెక్కి రంగులువేయు కొండపల్లివారికిని, అంకుడుకర్రకు లక్కపూత వేయు ఏటికొప్పాకవారికిని ఇట్టి చిన్నలెక్క కొత్త కాదు. రిజిస్టరైన చేతిపనివారికిని, భౌగోళికగుర్తింపు పొందిన బొమ్మలకును 2020 డిసెంబరులో ప్రమాణముద్రనుండి మినహాయింపు ఇచ్చుట న్యాయమైన పని. చెక్కపనివారి ఊరే ప్లాస్టికు నమూనాల ఊరైన షిజుఓకాను తలచినచో, కొండపల్లి చేతిపనివాని బిడ్డ బాలానగరమున మాతృక చెక్కుట ఊహకు అందనిది కాదు.

కిట్టును వేరుచేసిన, కిట్టు పేరుతో చవుక బొమ్మలు దిగునని సుంకపు శాఖవారు చెప్పవచ్చును. ఆ భయమునకు సమాధానము కష్టము కాదు. చట్రములనుండి వేరుచేయబడని ముక్కలు, రంగువేయబడని పైతొడుగు, పెట్టెమీద అచ్చువేసిన కొలత, ఈ మూడు గుర్తులుండిన సరకును బొమ్మగా అమ్ముకొనుటకు ఏ వర్తకుడు సాహసించును? సంతలో బిడ్డ ఏడ్చినప్పుడు నూటయిరువది ముక్కలు చేతిలో పెట్టిన ఏడుపు ఆగదు.

కావున వచ్చు బడ్జెటులో 9503 పద్దుక్రింద కూర్చవలసిన నమూనాలకు ప్రత్యేకమైన ఉపపద్దు నేర్పరచి, వానిమీది సుంకమును 2020కి ముందున్న 20 శాతమునకు దింపవలెనని మేము కోరుచున్నాము. దింపుట ఐదేండ్లకే యని గడువు పెట్టవచ్చును. ఆ యైదేండ్లలో ఆ పద్దుక్రింద వచ్చిన సుంకమును బాలానగరపు సంస్థకు ఇచ్చి, స్వదేశపు కిట్టు చేయ ముందుకువచ్చినవారికి తొలి అచ్చును అప్పుగా కోయించి యియ్యవలెను. ఆ యప్పును నెలసరి వాయిదాలుగా గాక, అమ్మిన పెట్టెకు ఇంతయని తీర్చుకొనవలెను. ఐదువేలు పోయిన అంత, ఏబదివేలు పోయిన అంత. బావి త్రవ్వించుకొన్న రైతు పంట చేతికివచ్చినప్పుడు అప్పు తీర్చినట్లే.